పళ్ళ డాక్టరు కుట్టిన కుర్చీ

బస్సు ఆ మలుపు తిరిగినప్పుడల్లా టైర్ల కొట్టు పైన ఒక బోర్డు కనిపించేది: "వికటించిన మరమ్మతుల మ్యూజియం. మెట్లు జాగ్రత్త, అవీ మేమే బాగుచేశాం." నేను దాన్ని ప్రతిసారీ పైకి చదివేదాన్ని. నాకు చదువు ఎవరూ చెప్పలేదు. పొట్లాల కాగితాలూ కొట్ల బోర్డులూ చూసి నాకు నేనే నేర్చుకున్నాను కాబట్టి, కంటబడ్డ అక్షరాన్ని వదలబుద్ధి కాదు. పక్కన కూర్చున్న నా తోడికోడలు పకపకా నవ్వి, "ఒకరోజు ఎక్కుదాం అక్కా" అనేది. ఆ ఒకరోజు ఏళ్ళ తరబడి రాలేదు. తీరా వచ్చింది ఎప్పుడయ్యా అంటే, ఆవిడ ఊరు విడిచే ముందు రోజు.

ఆవిణ్ణి ఇంట్లో అందరూ వసపిట్ట అంటారు. మా అత్తగారు పెట్టిన పేరు. నేను ఉత్త పిట్ట అంటాను. అన్నదమ్ముల్ని కట్టుకుని ఒకే వంటగదిలోకి వచ్చాం. ఆ అన్నదమ్ములు పోయాక కూడా అదే వంటగదిలో పోట్లాడుకుంటూ మిగిలాం. ఇప్పుడు పిట్ట కూతురికి కవలలు పుట్టారు. ఆ పిల్ల ఆసుపత్రిలో నర్సు, ఉండేది ఎక్కడో దూరాన. తల్లి సాయం కావాలంది. పిట్ట పెట్టె సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూశాను. పల్చటి బట్టలతో పాటు ఉన్ని బట్టలు కూడా పెట్టింది. ఉన్ని బట్టలు కూడా సర్దుకున్న మనిషి మళ్ళీ వస్తుందా?

ఆ ఒక్కమాటా అడగాలి. వారం నుంచి నాలుక చివరనే ఉంది. అడిగితే "రాను" అంటుందేమోనని మింగేస్తున్నాను. నాకు వీడ్కోళ్ళు అచ్చిరాలేదు. సాయంత్రానికల్లా వచ్చేస్తానని ఆసుపత్రికి వెళ్ళిన మా అమ్మ రాలేదు. మా ఆయనతో నేనన్న ఆఖరి మాట "చెప్పులు అక్కడ విప్పకండి" అని. అంతకంటే మంచి మాట దొరకలేదా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

మ్యూజియం మెట్లు నిజంగానే ఒక్కోటీ ఒక్కో ఎత్తు. పైన ఎదురొచ్చిన ఆసామి ఒకప్పుడు ప్లంబరట. మ్యూజియంలో మొదటి వస్తువు ఆయనదే, మెలికలు తిరిగిన ఒక పైపు. "ఇది నేను బిగించిన మర్నాడు కింద కొట్లో టైర్లు నీళ్ళలో తేలాయమ్మా" అని, బహుమతి కప్పు చూపించినంత గర్వంగా చూపించాడు.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందన్న సామెతకి ఎవరో ఇల్లు కట్టించినట్టుంది. ప్రతి వస్తువు కిందా ఒక అట్టముక్క. నేను చదవడం, పిట్ట నవ్వడం.

"కెటిల్. ముక్కు విరిగితే అతికించారు. పిడి వైపు. పోసేవారి చేతిమీదే పోస్తుంది."

"గోడ గడియారం. బాగుచేసిన నాటి నుంచి వెనక్కి తిరుగుతోంది. ఇంటాయన వయసు మాత్రం తగ్గలేదు."

"గొడుగు. చిల్లులకి దోమతెర గుడ్డ వేశారు. దోమలు రావు."

పిట్ట గోడ పట్టుకుని వంగిపోయింది. "ఆపు అక్కా, పొట్ట నొప్పెడుతోంది." నాకూ నవ్వొస్తోంది, కానీ ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాను. విరిగిన తలని ఎవరో వెనక్కి తిప్పి అతికించారు. కాళ్ళు ముందుకి నడుస్తున్నాయి, మొహం వెనక్కి చూస్తోంది.

"నీలాగే ఉంది" అంది పిట్ట.

"నా ముక్కు ఇంత చప్పిడా?"

"ముక్కు కాదులే" అని పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

నా మోకాళ్ళు ఇక లాభం లేదన్నాయి. గోడవారన నల్ల రెక్సిన్ మెత్త వేసిన కుర్చీ ఉంటే కూలబడ్డాను. కూలబడ్డదాన్ని కెవ్వుమని లేచాను. మెత్త చిరిగితే ఎవరో షూలేసుతో కుట్టారు. ఒక్కో ముడి నేరేడుకాయంత ఉంది. పాపం, కాపలా మనిషి రోజంతా దీనిమీద ఎలా కూర్చుంటాడో అనుకున్నాను. నా సంచిలో దబ్బనం, గట్టి దారం ఎప్పుడూ ఉంటాయి. టార్చి, కొవ్వొత్తి, పిన్నులు కూడా. ఎప్పుడేం ముంచుకొస్తుందో!

పిట్టని పిలిచి దబ్బనంలోకి దారం ఎక్కించమన్నాను. లేసు కోసి చెత్తబుట్టలో పడేశాను. చేతిలో పని పడగానే పిట్ట పెట్టె, ఉన్ని బట్టలు కాసేపు మర్చిపోయాను. కుట్టు కనబడకుండా, వేలు పెట్టి రాస్తే తెలియకుండా ముగించి, దర్జాగా వెనక్కి వాలాను.

అప్పుడొచ్చాడు ప్లంబరు. చూసి, నెత్తిన రెండు చేతులూ పెట్టుకున్నాడు.

"అమ్మా! ఏం చేశారమ్మా!"

"పరవాలేదు బాబూ, ఏదో నాకు చేతనైన సాయం."

"సాయమా! అది మా పళ్ళ డాక్టరుగారి కుర్చీ!"

కనిపించిన ప్రతి అక్షరమూ చదివే నేను, కుర్చీ వెనక్కి జారిపోయిన అక్షరాల్ని ఎలా చదువుతాను? లేచి వెనక్కి తొంగి చూస్తే ఉంది అట్టముక్క: "పంటి వైద్యుడి ఆసుపత్రిలో రోగులు కూర్చున్న కుర్చీ. డాక్టరుగారే స్వయంగా కుట్టారు. దీనిమీద కూర్చున్నాక పంటి నొప్పి గుర్తుండేది కాదు."

"జనం దీనికోసమే వస్తారమ్మా" అన్నాడాయన ఏడుపు గొంతుతో.

"ఇదిగో, ఉన్నపళంగా మళ్ళీ పాడుచేస్తాను" అని కుట్లు విప్పి, చెత్తబుట్టలోంచి లేసు ముక్కలు ఏరి ముడేసి, వంకరగా కుట్టడం మొదలుపెట్టాను. నాలుగు కుట్లు పడేసరికి అవి తిన్నగా సర్దుకున్నాయి. మళ్ళీ విప్పాను. మళ్ళీ తిన్నగానే వచ్చాయి.

పిట్ట నన్ను పక్కకి తోసింది. "లే అక్కా, లే. నా కుట్టు చూసి కాకి గూడు నయమని ఇన్నేళ్ళు వెక్కిరించావుగా. అన్నయ్యగారూ, మీరు దిగులు పడకండి. ఈ విద్యలో నాకు సాటి లేదు."

నిజంగా లేదు. చూస్తుండగానే మెత్త మీద ముళ్ళపొద మొలిచింది. ప్లంబరు భయభక్తులతో కూర్చుని, "అబ్బా!" అని ఎగిరి లేచాడు. మొహం వెలిగిపోయింది. "అచ్చం అక్కడే గుచ్చుకుంటోందమ్మా!"

ఆ సంతోషంలో ఆయన చూపు పిట్ట చేతి సంచి మీద పడింది. దానికి రెండు పిడులు. ఒకటి తెగితే నేను కుట్టాను, కుట్టినట్టే తెలియదు. రెండోది తెగినప్పుడు మా ఇద్దరికీ మాటల్లేవు, అందుకని పిట్ట తనే తీగతో, గుండీతో, ఇంకా దేవుడికే తెలిసిన వాటితో బిగించుకుంది.

"ఈ సంచి మాకిచ్చెయ్యండి తల్లీ. పక్క పక్కనే మంచి అతుకూ చెడ్డ అతుకూ! ఎక్కడ దొరుకుతుంది?"

"అమ్మో, ఇచ్చెయ్యను. ఇది నాది."

"పోనీ అరువుగా ఇవ్వండి. ఒక్క ఏడాది."

"ఏడాదా!" అన్నాను నేను. అరిచాననే చెప్పాలి. "రెండు నెలలు. రెండు నెలలయ్యాక ఆవిడే వచ్చి తీసుకుంటుంది. తనే, స్వయంగా."

పిట్ట నా వైపు తిరిగి మెల్లగా అంది, "రెండు నెలలకి పిల్లలకి మెడ కూడా నిలవదు అక్కా."

"సరే, నాలుగు."

"పాకేదాకా చూడనివ్వవా?"

"ఆరు. ఇంతకంటే నా వల్ల కాదు."

"పళ్ళు?"

"పళ్ళొచ్చిన పిల్లలు కరుస్తారు. ఆరు."

"అమ్మా, బేరం నాతోనా, మీలో మీకేనా?" అన్నాడు ప్లంబరు.

"మీరుండండి!" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

పిట్ట నా చేతిమీద చెయ్యి వేసింది. "ఎనిమిది. ఎనిమిదో నెల దాటకుండా వస్తా. నీకు చూపించడానికి ఇద్దర్నీ, వాళ్ళమ్మనీ వేసుకునే వస్తా. ఒకర్ని నువ్వెత్తుకోవాలి, నా వల్ల కాదు. దానికి అప్పటికి పగటి డ్యూటీ ఇస్తారట, పిల్లల్ని చూసే గది కూడా ఆ ఆసుపత్రిలోనే ఉందట, ఆ తర్వాత నాతో పనేముంది?"

"ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"నువ్వడగందే? పీడ వదిలిందనుకుంటున్నావేమో అనుకున్నా."

వసపిట్టట, వసపిట్ట! చెప్పాల్సిన ఒక్క మాటా కడుపులో దాచుకుంది.

ప్లంబరు కొత్త అట్టముక్క తీసి "అరువు, ఎనిమిది నెలలు" అని రాశాడు. నేను పైకి చదివాను. మళ్ళీ ఒకసారి చదివాను. పిట్ట తన సంచి బల్లమీద బోర్లించి, అందులోని మందులూ, దువ్వెనా, సగం తిన్న బిస్కెట్ల పొట్లం, పిల్లలకి అల్లుతున్న వంకర టోపీలూ నా సంచిలోకి కుక్కింది. పటుక్కున నా జిప్పు తెగింది.

ప్లంబరు కళ్ళు మెరిశాయి.

"ఇటు చూడకండి అన్నయ్యగారూ" అంది పిట్ట. నోరు తెరుచుకున్న ఆ సంచిని చెరో పక్కా పట్టుకుని ఆ మెట్లమీద దిగడం మొదలుపెట్టాం.

"అలా లాగకే, పడతాను."

"నేనెక్కడ లాగుతున్నా? నువ్వే పరిగెత్తుతున్నావు. మెల్లగా దిగు."