పదకొండు గంటల కొండ

"పదకొండింటికి ఏం వేశావు?"

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడవకముందే భర్త జ్ఞానశేఖర్ అడిగే మాట అది. పాపకి అన్నం మెదుపుతున్న సువార్త చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. పదకొండింటికి తనేం వేసింది? మొలకలకి పెసలు నానవేసింది. పాపని భుజాన వేసుకుంది. అంతకు మించి ఏం గుర్తుకు రావడం లేదు.

"ఏమీ వెయ్యలేదండీ."

"మరి మిషన్ అబద్ధం చెప్తుందా?"

మూడు వారాల కిందట తెచ్చాడు ఆ మిషన్‌ని. ఆఫీసులో ఎవరో అలాంటిదే పెట్టుకుని ఇంటి కరెంటు వాడకం సగానికి తగ్గించాడట. మెట్ల కింద, ఇంటి ఓనరు అనసూయమ్మ మీటరూ వీళ్ల మీటరూ పక్కపక్కనే ఉన్న చోట తీగకి ఒక క్లిప్పు కరిపించాడు. అరచేతిలో పట్టే తెరని తెచ్చి పై పోర్షను హాల్లో, బైబిలు వాక్యాల క్యాలెండరు కింద మేకుకి తగిలించాడు. సెల్లులతో నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా ఆ తెర ఆరదు. ఇంట్లో ఈ క్షణాన ఎన్ని వాట్ల కరెంటు నడుస్తోందో పెద్ద అంకెల్లో చూపిస్తుంది. దాని కింద గంటగంటకీ ఒక గీత. మిగతా గీతలన్నీ గట్ల మాదిరి ఒదిగి ఉంటే పదకొండు దగ్గర మాత్రం రోజూ ఒక కొండ.

"నేను చర్చిలో సెలవుల్లో పిల్లలకి పాటలు నేర్పడానికి పోయి ఒంటి గంటకి గానీ రాను బాబూ. ఈలోపు ఇంట్లో ఏం జరుగుతోందో నాకేం తెలుసు?" అంటుంది అత్తగారు ప్రేమమణి. ఆవిడ రిటైరైన టీచరు. "చదువు మధ్యలో తెగిపోతే ఇంతే. దేనికీ ఒక లెక్కా పద్ధతీ ఉండవు."

ఆ మాట పడ్డ రాత్రి సువార్త నిద్రపోలేదు. నిజంగానే తనేదో వేసి మర్చిపోతోందా? మర్నాటి నుంచి ఇస్త్రీ మానేసింది. మిక్సీ వదిలి పచ్చడి రోట్లో నూరింది. పగలు ఫ్యాను కట్టేసి, పాప పక్కన కూర్చుని చర్చి పత్రికతో విసిరింది. స్విచ్చు ఆపిన ప్రతిసారీ వచ్చి తెర చూసేది. ఒకసారి అంకె తగ్గేది, ఇంకోసారి పెరిగేది. తగ్గితే ప్రభువుకి స్తోత్రం చెప్పుకునేది. పెరిగితే తన చేతుల వంకే అనుమానంగా చూసుకునేది. ఇన్ని మానుకున్నా కొండ కరగలేదు. మే నెల ఎండకి మేడ పెనంలా కాలుతుంటే, పద్నాలుగు నెలల మేబెల్ వీపంతా చెమటకాయలు పేలి ఎర్రబడింది.

ఆ బుధవారం పొద్దున పాప ఏడ్చి ఏడ్చి గొంతు పోయి నోరు తెరిచి ఊరికే చూస్తోంది. దాని వీపు మీద ఊదుతూ సువార్త తెర వైపు చూసింది. 340. ఫ్యాను లేదు, లైటు లేదు. ఫ్రిజ్జు ఒక్కటే ఇంత తింటుందా? అప్పుడు ఎక్కడినుంచో రోసమ్మ మేడం గొంతు వినిపించింది. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో, చీర కొంగు నడుముకి దోపి, బల్లల మధ్య తిరుగుతూ అనేది: "అమ్మీటర్ని నమ్మే ముందు దాని సున్నా చూడండే పిల్లలూ. ఏమీ లేనప్పుడు అదేం చెప్తోందో చూడకుండా, ఉన్నప్పుడు చెప్పింది నమ్మకండి."

సువార్త లేచింది. ఫ్రిజ్జు ప్లగ్గు పీకింది. అదీ చాలదనిపించి మెయిన్ స్విచ్చు కిందికి దించేసింది. ఇల్లంతా చడీచప్పుడు లేకుండా అయిపోయింది. వచ్చి తెర చూసింది.

352.

ఏమీ లేకపోయినా, కేవలం తను ఈ ఇంట్లో ఊపిరి పీలుస్తున్నందుకే అంత ఖర్చవుతోందని ఒక్క క్షణం నిజంగానే నమ్మింది. అంతలో కింద నుంచి రోజూ వినే చప్పుడే, గరగరమని గ్రైండరు మొదలైంది. కళ్ల ముందే అంకె ఐదొందలు దాటింది.

తెరని మేకు నుంచి తీసి, పాపని చంకనేసుకుని మెట్లు దిగింది. అనసూయమ్మ వీధిలో పది ఇళ్లకి దోసె పిండి రుబ్బి ఇస్తుంది. పీట మీద కూర్చుని గ్రైండరులో నీళ్లు చిలకరిస్తోంది.

"ఆంటీ, ఒక్క నిమిషం అది ఆపుతారా?"

"ఆపితే పిండి ఎవరు రుబ్బుతరు, మీ అత్తనా?" అని నవ్వుతూనే ఆపింది. 352. "ఇప్పుడు వెయ్యండి." 503. "మళ్లీ ఆపండి."

"ఏందమ్మా, నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా? రోజూ పిండి అయినంక బోరు మోటర్ వేస్త, గది సుత వేసి ఆపాల్నా?" అంటూ పాపని అందుకుంది. "అయ్యో, పోరికి ఒళ్లంత పేలింది గదా! ఫ్యాను కింద పండవెట్టరాదూ?"

పాపని ఆమె చేతుల్లోనే ఉంచి సువార్త మెట్ల కిందికి వెళ్లి చూసింది. క్లిప్పు అనసూయమ్మ తీగని గట్టిగా కరుచుకుని ఉంది.

ఎవరికీ చెప్పలేదు. తెరని మళ్లీ మేకుకి తగిలించి ఫ్యాను ఐదు మీద పెట్టింది. సాయంత్రాలు పాత ప్రశ్న వస్తూనే ఉంది. పగలు మాత్రం పాప నిద్రపోతే పక్కన వెల్లకిలా పడుకుని తిరిగే రెక్కల్లోకి చూసేది. అక్కడ ల్యాబు అమ్మీటరు తెల్లటి డయలు కనిపించేది. ముల్లు కింద సన్నటి అద్దం ముక్క, ముల్లూ దాని నీడా ఒకటయ్యేలా కన్ను నిలబెట్టి చదవాలి. "నీకెంత వచ్చింది సువార్తా?" అని మేడం అడిగేది. తను చెప్పింది చెప్పినట్టు నమ్మి నల్లబల్ల మీద రాసేది. పెళ్లయి నాలుగేళ్లు. ఏం చేశావు, ఏం వేశావు, ఏం పారేశావు అని అడిగినవాళ్లే గానీ, నీకెంత వచ్చింది అని మళ్లీ ఎవరూ అడగలేదు. నాన్నకి గుండెనొప్పి వచ్చిందని, ప్రాక్టికల్స్‌కి ఇంకా ఇరవై రోజులున్నాయనగా మంచి సంబంధమని చేసేశారు. "చదువుకోవచ్చులే, మేమేం వద్దంటామా?" అంది అప్పట్లో అత్తగారు. రికార్డు బుక్కులో చివరి రెండు ప్రయోగాలకి సంతకం పడలేదు. ఆ ఖాళీ గళ్లు ఇప్పటికీ మౌలాలిలో అమ్మ పెట్టెలో ఉన్నాయి. వాటి మీద బెంగ పుట్టింటి మీద బెంగకన్నా ఎక్కువని ఎవరితో చెప్పుకోగలదు?

ఆదివారం వీళ్లు చర్చి నుంచి రాగానే అనసూయమ్మ తాళం వేసి బన్సీలాల్‌పేటలో కూతురింటికి పోయింది. ఆమె లేని రెండు రోజులూ సువార్త ఫ్యాను ఆపలేదు. మూటగట్టిన బట్టలన్నీ ఇస్త్రీ చేసింది. మంగళవారం సాయంత్రం జ్ఞానశేఖర్ తెర ముందు నిలబడి గట్టిగా నవ్వాడు.

"అమ్మా, చూశావా? రెండు రోజులనుంచి కొండ కరిగిపోయింది! చెప్పగా చెప్పగా దారికొచ్చింది."

"మాట పడితేనే బుద్ధొస్తుంది మరి," అంది ప్రేమమణి, కూరగాయల మీంచి తలెత్తకుండా.

తిట్లు తనవి కావని తెలిసినప్పుడు సువార్తకి కన్నీళ్లు వచ్చాయి. మెప్పు కూడా తనది కాదని తెలిసిన ఈ క్షణాన మాత్రం కళ్లు పొడిగా ఉన్నాయి.

కింద గేటు చప్పుడైంది. "ఓ సువార్తా! వచ్చిన్నమ్మా! మోటర్ వేస్తున్న, ట్యాంక్ నిండితే జెర కేకెయ్యి!"

తెర మీద అంకె ఎగిరి 1140 దగ్గర నిలబడింది. జ్ఞానశేఖర్ నవ్వు ఆగిపోయింది. "ఇప్పుడేం వేశావు?"

సువార్త తడి చెయ్యి చీరకి తుడుచుకుంది. నెమ్మదిగా వెళ్లి మెయిన్ దించేసింది. ఫ్యాను రెక్కలు ఒకటొకటిగా కనబడుతూ ఆగాయి. అసురసంధ్య గదిలోకి వచ్చేసింది.

"కరెంటు పోయిందా?" అంది అత్తగారు.

"లేదత్తయ్యా, నేనే తీశాను." క్యాలెండరు కింద 1140 మెరుస్తూనే ఉంది. "ఏవండీ, ఇప్పుడు నేనేం వాడుతున్నానో చెప్పండి."

ముగ్గురూ ఆ అంకెనే చూస్తూ నిలబడ్డారు. కింద మోటరు హోరు ఒక్కటే వినిపిస్తోంది. జ్ఞానశేఖర్ మెట్ల వైపు తొంగిచూశాడు.

"క్లిప్పు ఆవిడ తీగకి పడ్డట్టుంది. దానికింత రాద్ధాంతమెందుకు, ఆదివారం మారుస్తాలే. ముందు మెయిన్ వెయ్యి, పాపకి ఉక్కపోస్తోంది."

పాపకి ఉక్కపోస్తుందని అతను అనడం ఈ ఎండాకాలంలో అదే మొదలు. సువార్త మెయిన్ ఎత్తింది.

"క్లిప్పు రేపు నేనే మారుస్తాను. ఆదివారం మౌలాలి వెళ్తున్నాను, నా రికార్డు బుక్కు తెచ్చుకోవాలి. ఈసారి ప్రాక్టికల్స్ రాస్తాను. ఆదివారమంతా పాప మీ దగ్గరుంటుంది."

"పొద్దుణ్ణించి సాయంత్రం దాకానా? నేనొక్కణ్ణీ ఎలా..."

"భయపడకండి," అంది సువార్త, పాప వీపు నిమురుతూ. "వచ్చాక, పదకొండింటికి ఏం వేశారని అడగను."