సోయా జిగురు గిన్నెలు

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. పెనిమిటి పోయి, తల నెరిశాక పలక పట్టినదాన్ని. ఒక్క వాక్యం రాసేసరికి టీ చల్లారిపోతుంది.

మేం చెక్కపొట్టులో సోయాపిండి జిగురు కలిపి, వేడి ప్రెస్సులో అదిమి బోర్డులు చేస్తాం. విషం లేని బోర్డులని యజమానికి గొప్ప పేరు. కొనేవాళ్లు చూడటానికి వస్తే జిగురు కలిపే పెద్దక్కను పిలిచేవాడు. ఆమె గిన్నెలో వేలు ముంచి నాకి చూపించాలి.

"చూశారా, తినొచ్చు కూడా!" అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. మేం చప్పట్లు కొట్టేవాళ్లం. మనిషి చేత కుక్కలా నాకిస్తుంటే కొట్టిన చేతులివి. ఎక్కడ దాచుకోను?

సోయా జిగురు నిదానంగా ఆరుతుంది. యజమానికి తొందర. రసాయన జిగురు డ్రమ్ములు తెప్పించి అందులో కలిపించాడు. మా కళ్లు మండాయి, గొంతులు పట్టేశాయి. పెద్దక్క దగ్గి దగ్గి కూలబడింది.

"ముసలిదానివైపోయావ్, నీళ్లు తాగి లే" అన్నాడు సూపర్‌వైజరు.

అన్నాల దగ్గర ఆమె మమ్మల్ని కడిగేసింది.

"రేపు కొనేవాళ్లొస్తారట. ఈ రసాయనం కలిపిందే నాకమంటాడు. నాకనా?"

మేం అన్నం కెలుకుతూ కూర్చున్నాం.

"చప్పట్లకి లేచిన చేతులు ఇప్పుడు లేవవేమే?"

"పని పోతే పిల్లలకేం పెట్టను అక్కా?" అంది పొట్టు జల్లించే అమ్మాయి.

"ఊపిరే పోయాక ఎవరు పెడతారే?" అన్నాడు ప్రెస్సు బాబాయి.

సిగ్గుతో తలలు దించుకున్నాం. ఎత్తేసరికి అందరిదీ ఒకటే మాట, నాకవద్దని.

మర్నాడు కొనేవాళ్ల ముందు యజమాని గిన్నె చాచాడు. పెద్దక్క కదల్లేదు. బాబాయి ప్రెస్సు ఆపేశాడు. తలో గిన్నె జిగురు పట్టుకుని యజమాని చుట్టూ నిలబడ్డాం.

"ఇన్నాళ్లూ నేను నాకాను అయ్యగారూ. ఇవాళ మీ వంతు" అంది పెద్దక్క.

"పిచ్చా మీకు? అది తినేది కాదు!" అని అరిచేశాడు.

కొనేవాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు.

యజమాని ఫిర్యాదు చేస్తే సాయంత్రం పోలీసులొచ్చి పెద్దక్కను తీసుకుపోయారు. జీపు వెనకాలే షెడ్డంతా నడిచింది. స్టేషను మెట్ల మీద గిన్నెలు వరసగా పెట్టి కూర్చున్నాం.

"ఏంటివి?" అన్నాడు పోలీసు.

"సాక్ష్యం బాబూ. రుచి చూస్తావా?" అన్నాను.

లోపలి నుంచి పెద్దక్క దగ్గు వినిపిస్తోంది. దగ్గినప్పుడల్లా ఆ చప్పట్లే నా చెవిలో మోగుతున్నాయి. కాలేజీ పిల్లలూ, మీరు చదువుకునే బల్లలు మా బోర్డులతో చేసినవే. వాటి మీద నుంచి లేచి రండి. గిన్నెలు ఇంకా ఉన్నాయి.

జిగురత్త, అరవై రెండేళ్లు. ఇల్లు ఫ్యాక్టరీ వెనక రేకుల గది. ప్రస్తుతం ఉండేది స్టేషను మెట్ల మీద.