ధనశ్రీ కడుపులో కాపలా

పొద్దున్నే పానకాలు తన ఆటో వీధి చివర ఆపి హారన్ కొట్టేసరికి ధనశ్రీ అప్పటికే రెండుసార్లు దొడ్లోకి వెళ్ళొచ్చి ఉండేది. మిరపకాయల తొడాలు తీసే ముఠా ఆడవాళ్ళంతా ఆ ఆటోలోనే గుంటూరు బయట కోల్డ్ స్టోరేజీకి వెళ్ళేవాళ్ళు. ఎక్కబోతుంటే అత్త వెంకటేశ్వరమ్మ వచ్చి మజ్జిగ సీసా చేతిలో పెట్టేది. "కారంలో కూర్చుని చేసే పని. దార్లోనే సగం తాగు, కడుపు చల్లబడుద్ది" అనేది. ధనశ్రీ తాగేది. ఊరు దాటకముందే ఆమె కడుపులో కాపలావాళ్ళు లేచేవాళ్ళు.

"వచ్చాడ్రా, మళ్ళీ వచ్చాడు. పట్టుకోండి. తన్నండి, బయటికి తన్నండి."

ఆ అరుపులు ఆటోలో అందరికీ వినబడేవి. పానకాలు బండి పక్కకు తీసి ఆపేవాడు. ధనశ్రీ పత్తిచేలోకి పరిగెత్తేది. తిరిగొచ్చేదాకా మిగతావాళ్ళు రాత్రి చూసిన సీరియల్ సంగతి మాట్లాడుకునేవాళ్ళు. ఒకళ్ళకి గురకొస్తుంది, ఇంకొకళ్ళకి ఎక్కిళ్ళొస్తాయి, ధనశ్రీకి కడుపులో మనుషులు అరుస్తారు. అందులో వింతేముంది?

అరుపులతో ఎవరికీ పేచీ లేదు. అసలు రోతంతా ఆ తర్వాతే. కోల్డ్ స్టోరేజీలో అంతమంది ఆడవాళ్ళకీ కలిపి ఒక్కటే మరుగుదొడ్డి. గడియ లేదు, కుళాయిలో నీళ్ళు లేవు. గచ్చు నిండా ఎవరెవరివో ఎండినవీ ఎండనివీ, వాటిమీద ఈగలు. ఘాటుకి రాటుదేలిన కళ్ళల్లోంచి కూడా ఆ తలుపు తీస్తే నీళ్ళు కారేవి. అంతకన్నా పాపిష్టిది ఇంకోటుంది. రోజంతా మిరపకాయలు పట్టిన చేతుల కారం ఎంత కడిగినా పోదు. ఆ చేత్తోనే శుభ్రం చేసుకోవాలి. మొదటిసారి ధనశ్రీ ఆ మంటకి గోడకి తల ఆనించి ఏడ్చింది. అప్పట్నించీ ఎడంచేతికి ప్లాస్టిక్ కవరు కట్టుకుని, కుడిచేత్తోనే తొడాలు తీసేది. ఒంటిచేత్తో తీస్తే సగం పనే అవుతుంది. మిగతా సగం ముఠా మీద పడేది.

ఇదంతా పర్చూరులో ఒక గృహప్రవేశం భోజనాలతో మొదలైంది. సాంబారు మీద తెల్లటి నురగ తేలుతోంది. వడ్డించేవాడు ముక్కు చీదిన చేత్తోనే గరిటె పట్టుకున్నాడు. చూసీ తిన్నారు జనం, ఆఖర్న పెరుగన్నం దాకా. ఆ సాయంత్రానికి బంతి బంతంతా వాంతులు, విరేచనాలు. అందరూ వారంలో లేచి తిరిగారు. ధనశ్రీకి మాత్రం జ్వరం తగ్గింది గానీ కాపలా దిగలేదు.

ఇక సలహాలు. "కారం మానెయ్" అన్నారు, మిరపకాయ బజ్జీ నములుతూ. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు గులాబీరంగు మందు పోశాడు. పెద్దాసుపత్రిలో వెనకనుంచి గొట్టం దూర్చి చూసి, "లోపలంతా బానే ఉంది, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావు" అని పంపేశారు. ధనశ్రీ కారం మానేసింది. పచ్చడి మానేసింది. పూటపూటకీ అత్త పెట్టే పెరుగన్నం మాత్రమే తినేది. చిక్కి పుల్లయింది. అరుపులు పెరిగాయి.

శనివారం మేస్త్రీ శివనాగరాజు వచ్చి, ఆమె మొహం చూడకుండా అన్నాడు. "సోమవారం నుంచి రావొద్దులే అమ్మాయ్. నీ వంతు వీళ్ళెన్నాళ్ళు లాగుతారు?"

సీజన్ మధ్యలో ముఠాలోంచి తీసేసిన మనిషిని ఇంకో ముఠా చేర్చుకోదు. మొగుడు రాము నడుం పట్టేసి మంచం మీదున్నాడు. ఇల్లు నడిచేది ఆమె కూలి మీదే.

ముఠాలో పెద్దది ఖాదర్‌బీ. "సోమవారం దాకా టైముంది గదా మేస్త్రీ" అంది. ఆ సాయంత్రమే ధనశ్రీని గుంటూరులో పొట్టజబ్బులు చూసే డాక్టరు గీతాంజలి దగ్గరికి లాక్కుపోయింది. వీళ్ళు కూర్చునేసరికి కడుపులో గోల మొదలైంది. పక్కింట్లో మిక్సీ ఆగేదాకా ఆగినట్టు, గోల తగ్గేదాకా ఆగి, పర్చూరు భోజనాల దగ్గర్నించీ అంతా చెప్పించుకుంది ఆ డాక్టరమ్మ.

"పేగు గోడల్లో కాపలా కణాలుంటాయమ్మా" అంది. "జబ్బు చేసినప్పుడు క్రిముల్ని తరుముతాయి. ఒక్కోసారి పొరబడతాయి. ఆ రోజు క్రిములతో పాటు లోపలికొచ్చిన తిండిని కూడా దొంగల్లో కలిపేస్తాయి. మళ్ళీ అది కనబడితే చాలు, మందుగుండు పేలుస్తాయి. పేగు కూడా బెదిరి సెరటోనిన్‌లాంటి రసాలు వదిలేస్తుంది. ఆ రసాలే నొప్పెట్టి పరిగెత్తిస్తాయి. అందరికీ ఇంతేనని చెప్పను గానీ, మీకిదే అనుకుంటున్నా."

"ఏ తిండండీ?"

"నాకేం తెలుసు? ఇంత గోల చేస్తున్నారు గదా, ఎవర్ని కొడుతున్నారని మీరెప్పుడైనా అడిగారా?"

ధనశ్రీ, ఖాదర్‌బీ మొహమొహాలు చూసుకున్నారు. ఎవరూ అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం వెంకటేశ్వరమ్మ పెరుగన్నం పెట్టింది. రెండో ముద్దకే కేకలు. ధనశ్రీ కంచం ముందు కూర్చుని, పొట్టమీద చెయ్యేసుకుని అడిగింది.

"ఎవర్నిరా కొడుతున్నారు?"

ఠక్కున గోల ఆగింది. ఒక ముసలి గొంతు బదులిచ్చింది. "ఆ తెల్లాడ్నే. పర్చూరులో దొంగలు పడ్డ రోజు వాళ్ళ పక్కనే ఉన్నాడు. మజ్జిగై వచ్చినా పెరుగై వచ్చినా వాడే. గుర్తుపట్టలేమా?"

"మరి కారం?"

"కారమా? అది పుట్టినకాణ్ణించీ తెలిసిన మనిషే. దాన్నెందుకు కొడతాం?"

గుమ్మంలో నిలబడ్డ వెంకటేశ్వరమ్మ మొహం మాడిపోయింది. "నా గేదె పెరుగునా అంటున్నారు?" అని గొణిగి పెరట్లోకి వెళ్ళిపోయింది. ధనశ్రీకి జాలి కలగలేదు. తాగిన మజ్జిగంతా తలుచుకుంటే ఒళ్ళంతా అసహ్యం పుట్టింది. ఆ పుల్లటి వాసన తన చీరకీ జుట్టుకీ పట్టేసినట్టే అనిపించింది.

సోమవారం పిలవకపోయినా, మజ్జిగ సీసా లేకుండా ఆటో ఎక్కింది. పానకాలు ఎక్కడా ఆపలేదు. మధ్యాహ్నం క్యారేజీలో పప్పన్నం, అంతే. ముఠా అంతా నమలడం ఆపి చెవులు రిక్కించారు. ఏమీ వినబడలేదు. ధనశ్రీ చేతికున్న కవరు విప్పి పారేసి, కుప్ప మీదికి రెండు చేతులూ చాపింది. ఆమెని పంపెయ్యడానికొచ్చిన శివనాగరాజు ఆ చేతుల వైపు కాసేపు చూసి, ఇంకో బస్తా తెచ్చి ఆమె ముందు కుమ్మరించాడు.

సాయంత్రం ఇంటికొస్తే అత్త గిన్నెడు పెరుగు కుడితి తొట్లో పోస్తోంది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఇంకేం తింటావే మరి?"

జబ్బు పడ్డాక ఆ ఇంట్లో ఎవరైనా ఆ మాట అడగడం అదే మొదలు. ధనశ్రీ గుమ్మంలోనే కూర్చుని ఆలోచించింది.

"పండుమిరప పచ్చడి" అంది.

కడుపులోంచి ఎవరూ అడ్డు చెప్పలేదు.