ఆగమన కాలపు ఉయ్యాల

డిసెంబరు దగ్గర పడిందంటే ఆ నల్లరేగడి పొలాల మీద పొద్దు ఓ పట్టాన తెల్లవారదు. మంచు మిరపచేల మీద చతికిలబడి లేవనంటుంది. పక్కచేలో పత్తి తీసే మనిషి మాట వినపడుతుంది గాని మనిషి కనపడదు. ఇళ్ల ముందు కట్టిన కాగితపు నక్షత్రాలు కూడా ఏ ఆధారమూ లేకుండా గాలిలో నిలబడ్డట్టుంటాయి. పర్చూరు దాటి లోపలికి వెళితే వచ్చే ఆ ఊరికి హారిక కోడలిగా వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. చీరాలలో మగ్గాల వీధిలో పెరిగిన పిల్ల. క్రిస్మస్ అంటే ఆమెకు తెలిసిందల్లా కేకు, కొత్త బట్టలు, ఒకరోజు సెలవు. ఆ ఒక్కరోజు కోసం ఇంత ముందు నుంచీ ఎదురుచూడటమే ఒక పండుగని, దానికి ఆగమన కాలమని పేరు కూడా ఉందని, ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

ఆగమన కాలపు మొదటి ఆదివారం గుడి నుంచి రాగానే అత్తగారు సువార్తమ్మ అటక మీద నుంచి కొయ్య ఉయ్యాల ఒకటి దింపించింది. కడిగి, ఆరబెట్టి, ముందుగదిలో శ్లాబు కొక్కేనికి గొలుసులతో వేలాడదీసింది. అందులో ఎవరూ లేరు. పండుగ ముందురోజు పూజ అయ్యాక గాని బాలయేసు బొమ్మను అందులో పడుకోబెట్టరు. అందాకా రోజూ దీపాలు పెట్టే వేళ, ప్రార్థన అయ్యాక, ఇంట్లో ఒక్కొక్కరూ తమ చేలో తీసిన పత్తిలోంచి గింజ ఒలిచి చిటికెడు దూది ఉయ్యాలలో వేస్తారు. వేసి, ఒక్క ఊపు ఊపి, "రావయ్యా, త్వరగా రావయ్యా" అంటారు. పండుగ నాటికి బాలయేసుకి మెత్తటి పక్క తయారవుతుంది. ఊళ్లో ఇంకే ఇంట్లోనూ ఈ ఆచారం లేదు. తాతలనాటిదేమో అనుకుంటారంతా. అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

చూసేవాళ్లకు ముచ్చటగా ఉండే ఆ సంగతి హారికకు మాత్రం ప్రాణసంకటమైంది. ఖాళీ ఉయ్యాల ఊపితే ఇంట్లో బిడ్డకు అరిష్టమని ఆమె తల్లి చిన్నప్పుడు వీపు మీద చరిచి మరీ చెప్పింది. ఇంట్లో బిడ్డ ఎక్కడుంది అంటారేమో. ఉంది. హారికకు మూడో నెల. ఆ సంగతి మొగుడు దయాకర్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. బయటికి చెప్పనని అతని చేత ఒట్టు కూడా వేయించుకుంది.

దాచుకోవడానికి కారణం లేకపోలేదు. కిందటిసారి నెల తప్పగానే ఊరంతా చాటింది. ఊలు తెచ్చుకుని టోపీలల్లింది. మంచం మీద బోర్లా పడుకుని ఫోన్లో పేర్లు వెతికింది. 'ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం' అని పక్కింటి సుబ్బరావమ్మ ఎగతాళి చేస్తే తనూ పగలబడి నవ్వింది. ఐదో నెలలో ఆ బిడ్డ తొందరపడి వచ్చేసింది. వచ్చినంత తొందరగానూ వెళ్లిపోయింది. అప్పటినుంచి హారికకు ఆశపడాలంటేనే భయం. పొట్ట మీద చెయ్యి వేసుకోవడానికి కూడా చుట్టూ చూసుకుంటుంది.

అందుకే సాయంత్రం తన వంతు వచ్చినప్పుడు దూది వేసి, ఉయ్యాలకు చెయ్యి తగలకుండా పక్కకు తప్పుకునేది. మిగతావాళ్లు ఊపుతుంటే ఆ గొలుసు కిర్రుమన్నప్పుడల్లా ఆమె వంటింట్లోకి జారుకునేది. సువార్తమ్మ అది గమనించేది.

ఒకరోజు మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ పత్తి తీతకు వెళ్లారు. ఒంట్లో నలతగా ఉందని హారిక ఇంట్లో ఉండిపోయింది. కిటికీ పక్కన అలా నడుం వాల్చిందో లేదో కునుకు పట్టింది. మిరపచేను మీద ఉయ్యాల ఊగుతోంది. పైన శ్లాబు లేదు, కొక్కెం లేదు. గొలుసులు మంచులోకి పోయి కనపడటం లేదు. ఎర్రబారుతున్న కాయలు ఉయ్యాల అంచుకు తగులుతూ ఉన్నాయి. ఎవరో చిన్నగా ఊపిరి తీస్తున్న చప్పుడు. హారిక కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని చాళ్ల వెంట నడిచింది. ఎంత నడిచినా ఉయ్యాల అంతే దూరంలో ఉంది. చివరికి చేతికి అందింది. లోపల తెల్లగా, మెత్తగా ఉంది. పత్తి అనుకుని చెయ్యి పెడితే అది మంచు. చెయ్యి అడుగుదాకా వెళ్లింది, ఏమీ తగల్లేదు.

లేచేసరికి ఒళ్లంతా చెమటలు. తిన్నగా పెరట్లోకి నడిచింది. మిక్సీ వచ్చాక మూలపడ్డ రోలు పక్కనే దాని పొత్రం పడి ఉంది. చీరాలలో వాళ్లింట్లో బిడ్డను మొదటిసారి ఉయ్యాలలో వేసేటప్పుడు ముందు పొత్రాన్ని పడుకోబెడతారు. బిడ్డ రాయిలా గట్టిగా నిలవాలని. హారిక ఆ పొత్రాన్ని కడిగింది, పసుపు రాసింది, తువ్వాల్లో చుట్టి ఉయ్యాలలో దూది కింద పెట్టింది. ఇక ఉయ్యాల ఖాళీ కాదు. ఎవరు ఊపుకున్నా భయం లేదు. చాలా రోజుల తర్వాత ఆమెకు ఆకలేసింది. చద్దన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కుని కడుపునిండా తింది.

పాపం, దూది బరువెంతో, రాయి బరువెంతో ఉయ్యాలకు తెలుసన్న సంగతి ఆమెకు తట్టలేదు.

సాయంత్రం ప్రార్థన చెప్పింది మామగారు ఆదాం. అలవాటు చొప్పున ఆయనే ముందు ఉయ్యాలను తోశాడు. అది మామూలుగా కదల్లేదు. గొలుసులు మూలిగాయి. బద్ధకంగా అవతలికి వెళ్లి, అంతే బరువుగా తిరిగివచ్చి ఆయన మోకాలి చిప్పను ఠప్పున కొట్టింది. "ఓరి దేవుడో!" అని ఆయన ఒంటికాలి మీద గెంతాడు. దూది కిందికి చెయ్యి పోనిచ్చి, పసుపు పూసిన రాయిని బయటికి తీశాడు.

"ఏందే ఇది? బాలయేసు పక్కలో పొత్రమేంది?"

దయాకర్ భార్య వైపు చూశాడు. హారిక మొహం పాలిపోయింది.

"నేనే పెట్టాను మామయ్యా" అంది. గబగబా పెరట్లోకి వెళ్లిపోయింది.

పెరట్లో అప్పుడే మళ్లీ మంచు దిగుతోంది. జామచెట్టు సగం కరిగిపోయినట్టుంది. కాసేపటికి సువార్తమ్మ వచ్చి రోటి అంచు మీద కూర్చుంది.

"ఎన్నో నెల?"

హారిక ఉలిక్కిపడింది. "ఆయన చెప్పారా?"

"వాడా? వాడు నోరు కుట్టేసుకున్నాడు. పొత్రం చెప్పింది. మా అమ్మ కూడా పెట్టేదిలే ఉయ్యాల్లో. జ్ఞానస్నానం తీసుకున్నాం గాని పొత్రాలు పారేసుకున్నామా ఏంది? ఖాళీ ఉయ్యాలంటే భయపడేది కడుపుతో ఉన్న మనిషేగా."

"మూడో నెల అత్తయ్యా" అంది హారిక. ఆ మాట బయటికి రాగానే ఏడుపు ముంచుకొచ్చింది. "చెబితే మళ్లీ పోతుందేమోనని..."

సువార్తమ్మ ఆమెను దగ్గరికి తీసుకుంది. ఏడుపు తగ్గేదాకా వీపు నిమిరింది.

"ఆ ఉయ్యాల తాతలనాటిది కాదమ్మాయ్" అంది చివరికి. "నా తొలికాన్పుకి మా నాయన చేయించి పంపాడు. ఆడపిల్ల. పురిట్లోనే పోయింది. నా కంట పడగూడదని మీ మామయ్య ఉయ్యాలని అటకెక్కించాడు. అటకెక్కితే మాత్రం? నా నెత్తి మీద ఊగుతున్నట్టే ఉండేది. ఆ యేడు ఆగమన కాలంలో ఫాదర్ గుళ్లో చెప్పాడు, ఎదురుచూడండీ అని. నాకు ఒళ్లు మండింది. ఎవరి కోసం చూడను? ఇంటికొచ్చి నిచ్చెనేసుకుని నేనే దింపా. బాలయేసుకి పక్క వేద్దామని చెప్పా మీ మామయ్యకి. అబద్ధమూ కాదులే."

"భయం వెయ్యలేదా?"

"వెయ్యకేం! ఆ యేడూ ఖాళీయే, మరుసటేడూ ఖాళీయే. భయపడతానే ఊపా. ఆ పైయేడు నీ మొగుడు." ఆమె లేచి చీర దులుపుకుంది. "నువ్వు నాలాగా మొండిగా ఉండాలనేం లేదు. నీకు భయమైతే ఇప్పుడే దించేద్దాం. బాలయేసు చేటలో పడుకోమన్నా పడుకుంటాడు, పశువుల తొట్టిలో పడుకున్నవాడేగా, ఆయనకి అలవాటే. నీకంటే ఎక్కువా ఉయ్యాల?"

హారికకు ఆ క్షణాన తన తల్లి మీద కంటే ఈమె మీద ఎక్కువ ప్రేమ కలిగింది. అలా కలిగినందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

వాళ్లు లోపలికి వచ్చేసరికి ఆదాం మోకాలికి జిందా తిలిస్మాత్ రాసుకుంటున్నాడు. పొత్రాన్ని మాత్రం పారేయలేదు. తువ్వాలు చుట్టి ఉయ్యాల కింద నేల మీద నిలబెట్టాడు. "ఉండనీ, బాలయేసును చూడొచ్చిన గొర్రెల కాపరి అనుకుందాం" అని గొణిగాడు.

"దించమంటావా?" అని సువార్తమ్మ కోడల్ని మళ్లీ అడిగింది.

హారిక తల అడ్డంగా ఊపింది. గంపలోంచి పత్తి తీసుకుని గింజ ఒలిచింది. దూది వేసి, అడుగు వెనక్కి వేయబోయి ఆగింది. ఉయ్యాల అంచు మీద చెయ్యి వేసింది. ఖాళీదే అది. ఎంత తేలిగ్గా ఉందో చేతికి తెలుస్తోంది. ఒక్కసారి కళ్లు గట్టిగా మూసుకుని ఊపింది.

కిర్రుమంది. వెళ్లింది. తిరిగి ఆమె చేతిలోకే వచ్చింది.

'త్వరగా రావయ్యా' అంటుందని అందరూ చూస్తున్నారు. హారిక రెండో చెయ్యి తన పొట్ట మీద వేసుకుంది, ఈసారి చుట్టూ ఎవరినీ చూసుకోలేదు.

"తొందరేం లేదమ్మా" అంది. "నిదానంగా రా. నెలలన్నీ నిండాకే రా. మేమిక్కడే ఉంటాం."

రోజూ చివర్న ఆమెన్ చెప్పే ఆదాం నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఆ రోజు ఆమెన్ సువార్తమ్మే అంది.