లోపల కూర్చునేవాడు

మా కార్ల షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. పాత కారు రేకుల అతుకులన్నీ నీళ్ళు దూరకుండా సీలర్‌తో మూశాక, రంగు వేయకముందే వాన పరీక్ష పెడతాం. అద్దాలు బిగించి, కారు లోపల కింద దినపత్రికలు పరిచి, పైనుంచి పది నిమిషాలు పైపుతో నీళ్ళు కొడతాం. సీలర్ పూసినవాడు లోపల కూర్చోవాలి. కాగితం మీద ఒక్క చుక్క పడినా వాడి పని మళ్ళీ మొదటికి. పరీక్ష అయ్యాక కాగితం నేనే చూస్తాను, ఎవడి మాటా నమ్మను. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ముప్పై ఏళ్ళ నుంచి ఇదే పద్ధతి, పెట్టింది నేనే. నా పేరు విద్యాసాగర్. అందరూ ఉస్తాద్ అంటారు. అనకపోతే నాకు కోపం వస్తుంది.

ఆ రోజు లోపల కూర్చోవాల్సింది నేను. కూర్చోమన్నవాడు బిచ్చయ్య. మూడేళ్ళ కింద ఇదే షెడ్డులోంచి, ఇదే కారు ముందు నేను తరిమేసిన మనిషి.

కారు మల్లేశ్వరరావుగారిది. అబిడ్స్‌లో ఉంటారు. వాళ్ళ నాన్నగారు అరవై నాలుగులో కొన్న ఫియట్. మూడేళ్ళ కింద దాని ఫ్లోర్ అతుకులు బిచ్చయ్య మూశాడు. ఇంజనుకీ లోపలికీ మధ్య ఉండే అడ్డుగోడ పై అతుకు, ముందు అద్దం కింద వచ్చేది, నేను మూశాను. ఎక్కువ పని అతనిదే గనక లోపల అతనే కూర్చున్నాడు. ఏడో నిమిషంలో పెడల్స్ దగ్గర కాగితం తడిసింది. ఇంజను మోత రాకుండా అడ్డుగోడకి అంటించిన మెత్త వెనక చెయ్యి దూర్చి చూసి, "మీదికెల్లి వస్తున్నయ్ ఉస్తాద్" అన్నాడు.

అంటే నా అతుకులోంచి అని. నాకు ఒళ్ళు మండిపోయింది. "చెడగొట్టింది నువ్వు, నా మీద రుద్దుతున్నవా? నీ చేతికి పనే రాదు, పో!" అని మల్లేశ్వరరావుగారి ముందే పంపేశాను. ఆ మాట గల్లీలన్నీ తిరిగింది. ఆ తర్వాత ఏ షెడ్డువాడూ అతనికి బాడీ పని ఇవ్వలేదు. చాదర్‌ఘాట్‌లో స్కూటర్లకి పంక్చర్లు వేసుకుంటున్నాడని విన్నాను. విని ఊరుకున్నాను.

ఫ్లోర్ నేనే మళ్ళీ మూసి, రంగు వేయించి కారు ఇచ్చేశాను. రెండోసారి వాన పరీక్ష పెట్టలేదు. నేను చేశాక ఇంకా పరీక్ష ఏమిటి అనుకున్నాను.

మూడు వానాకాలాలు గడిచాయి. అదే చోట ఫ్లోర్ తుప్పు పట్టి చెయ్యి దూరేంత బెజ్జం పడింది. మల్లేశ్వరరావుగారు తెచ్చి చూపిస్తే, "మీరు కడిగేటప్పుడు లోపల నీళ్ళు పోస్తున్రు సార్" అని ఆయన్నే దబాయించాను. పాపం, నిజమేనేమో అనుకున్నారు. నాకు మాత్రం ఆ బెజ్జం చూసినప్పటి నుంచి అన్నం సహించలేదు.

కొత్త రేకు వెల్డింగ్ చేశాను. ఇక కారు కింద పడుకుని అతుకులు మూయాలి. నా కుడి భుజం పట్టేసి చెయ్యి లేవడం లేదు. ఇద్దర్ని పెట్టి చూశాను. ఒకడు సీలర్‌ని జిలేబీ చుట్టినట్టు చుట్టాడు, ఇంకొకడు అడుగు పూతగా ప్రైమర్ కొట్టకుండానే పూయబోయాడు. చివరికి సిగ్గు చంపుకుని చాదర్‌ఘాట్‌కి కబురు పెట్టాను.

బిచ్చయ్య వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. బెజ్జం ఎక్కడ పడిందో అడిగి తెలుసుకున్నాడు.

"చేస్త. గని పరీక్ష అయ్యేదాంక అడ్డుగోడకు మెత్త అంటియ్యొద్దు," అన్నాడు. "లోపల నువ్వు కూసోవాలె."

"ఫ్లోర్ నీది గదా? నువ్వే కూసోవాలె."

"మీదున్న అతుకు నీది. పోయినసారి నేను కూసున్న. ఈసారి నువ్వు కూసో."

కాదంటే పని ఆగిపోతుంది. భయపడ్డానని కూడా తెలిసిపోతుంది. సరేనన్నాను.

నాలుగు రోజులు ఒకే కారు మీద పనిచేశాం. పది మాటలు కూడా మాట్లాడుకుని ఉండం. నా పై అతుకుని ఎప్పటిలాగే బయటి నుంచి ఒక్క గీతలో మూశాను. లోపలి వైపు కూడా వేలితో ఒత్తాలంటే డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి మెడ విరగ్గొట్టుకోవాలి. నాకు పని నేర్పిన ఉస్తాద్ లోపల ఎప్పుడూ పూయలేదు, నేనూ పూయలేదు. బయటి గీత మాత్రం ఎవరు చూసినా మెచ్చుకోవాల్సిందే.

పరీక్ష రోజు పొద్దున్నే మల్లేశ్వరరావుగారు వచ్చారు. "ఈసారి మీరే కూర్చుంటున్నారా ఉస్తాద్ గారూ?" అని ఆశ్చర్యపోయారు. భుజం మీద తుడిచే గుడ్డ వేసుకుని, సీట్లు తీసేసిన ఫియట్‌లో చిన్న పీట మీద కూర్చున్నాను. బిచ్చయ్య తలుపులు మూసి పైపు ఎత్తాడు.

రేకు మీద నీళ్ళ మోతకి చెవులు దిమ్మెక్కాయి. అద్దాల్లోంచి బయట ఏమీ కనపడటం లేదు. మూడు నిమిషాలు. కాగితం పొడిగా ఉంది. అయిదు నిమిషాలు. బిచ్చయ్య మూసిన ఫ్లోర్‌లో చెమ్మ కూడా లేదు. నా కళ్ళు మాత్రం కిందకి పోవడం లేదు, ఎదురుగా మెత్త లేని అడ్డుగోడ మీదే ఉన్నాయి.

ఏడో నిమిషంలో పై మూల తడి కనిపించింది. సన్నగా జారింది. సరిగ్గా పెడల్స్ దగ్గర కాగితం మీద టప్పుమని పడింది.

"ఎట్లుంది ఉస్తాద్?" బయటి నుంచి బిచ్చయ్య అరిచాడు.

గుడ్డతో అతుకు తుడిచాను. తడిసిన కాగితం మడిచి జేబులో కుక్కాను. దాని కింద పొడి కాగితం ఇంకొకటి ఉంది.

"పొడిగుంది," అన్నాను.

"మంచిది. ఇంక మూడు నిమిషాలున్నయ్."

పైపు మోత ఆగలేదు. నేను గుడ్డని అతుక్కి అదిమి పట్టుకుని కూర్చున్నాను, పట్టేసిన భుజంతోనే. ఇంకో మూడు నిమిషాలు ఇలా పట్టుకుంటే మెత్త అంటించేయొచ్చు, రంగు పడిపోతుంది, నా పేరు నాకు ఉంటుంది. అతను మళ్ళీ చాదర్‌ఘాట్ పోయి పంక్చర్లు వేసుకుంటాడు. ఇంత పనిమంతుడు. నా అబద్ధంతో ఒకసారి పోయాడు, ఇప్పుడు రెండోసారి. గుడ్డ తడిసి నీళ్ళు నా మోచేతి దాకా కారాయి. చచ్చేంత సిగ్గేసింది.

తలుపు తోశాను. పైపు నీళ్ళు మొహాన కొట్టాయి.

"మీదికెల్లి వస్తున్నయ్ బిచ్చయ్యా," అన్నాను.

అతను నల్లా కట్టేశాడు. జేబులోని కాగితం తీసి మల్లేశ్వరరావుగారి చేతిలో పెట్టాను. "గా దినం గూడ మీదికెల్లే వచ్చినయ్ సార్. తప్పు నాది. ఇతనిది కాదు."

ఆయన ఆ ముద్దని విప్పి చూశారు. "మరి అతను అప్పుడే చెప్పాడు కదండీ?" అన్నారు మెల్లగా.

బిచ్చయ్య నవ్వలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అతుకు ఆరబెట్టి, ప్రైమర్ కొట్టి, సీలర్ గన్ తీసుకుని, "జరుగు" అన్నాడు. డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి వేలితో ఒత్తుకుంటూ లోపలి వైపంతా మూశాడు. లేచేసరికి మెడ పక్కకి తిరగడం లేదు.

మర్నాడు కట్టుబాటు ప్రకారం లోపల అతను కూర్చున్నాడు. పైపు నేను ఎడమ చేత్తో పట్టుకున్నాను. మల్లేశ్వరరావుగారు గడియారం చూస్తున్నారు. పది నిమిషాలయ్యాయి.

"ఎట్లుంది బిచ్చయ్యా?"

పైపు ఇంకా పట్టుకునే అడిగాను.

"పొడిగున్నదంటే నమ్ముతవా ఉస్తాద్?" అన్నాడు లోపలి నుంచి.

నల్లా కట్టేశాను. కాగితం చూడటానికి తలుపు తెరవలేదు.

"మెత్త అంటియ్యి," అన్నాను.