కసాయి దరువు

కూతురి పెళ్ళి రోజు పొద్దున్నే నపారీ తన ఎడమ కాలికి కట్టు కట్టుకున్నాడు. ఆ కాలికి ఏమీ కాలేదు. ముందు రోజు సాయంత్రం కూడా ఆ కాలితోనే తమాలే పట్నం బజారంతా తిరిగి, మర్యాదకి పంచుకుని నమిలే కోలా కాయలు బేరమాడి, బేరం కుదరక అమ్మేవాణ్ణి తిట్టుకుంటూ ఇంటికొచ్చాడు. అయినా పాత తలపాగా గుడ్డ చింపి మరీ, మోకాలి దాకా చుట్టుకున్నాడు. నోటికి వచ్చిన తెగులుకి కాలికి వైద్యం చేసుకుంటున్నాడన్నమాట.

ఆ తెగులు సంబంధం కుదిరిన రోజు మొదలైంది. పెళ్ళికొడుకుది రాచ ఇల్లు. వాళ్ళ నాయనమ్మ లమీషి ఒకప్పుడు ఊరినేలే నాయకుడి భార్య. అంతకుముందు ఒక సంబంధాన్ని, పిల్ల నవ్వు మేక అరిచినట్టుందని తిప్పి పంపిన మనిషి. ఆవిడ మాటవరసకి, "మీరెవరి మనవలు నాయనా?" అని అడిగింది. నపారీకి తమాలేలో చారల అంగీల కొట్టుంది. రాచ ఇళ్ళవాళ్ళు వచ్చి కొనుక్కుపోతుంటారు. వాళ్ళ భుజాలు కొలిచీ కొలిచీ తనూ వాళ్ళలో ఒకడినన్న భ్రమ ఎప్పుడో ఎక్కేసింది. సవెలుగు ఊరి కసాయి మనవణ్ణని చెప్పడానికి నోరు రాలేదు. ఎక్కడో పొలిమేరలో ఉన్న ఊరి పేరొకటి చెప్పి, "మా తాత అక్కడ నాయకుడు" అనేశాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరింది. ముసలావిడ తల ఊపింది, పెళ్ళి ఖాయమైంది.

అబద్ధం ఆడటం ఎవరికైనా తేలికే. దగోంబా తెగ మనిషికి దాన్ని పెళ్ళి పందిట్లో నిలబెట్టుకోవడం చావు. చంకడోళ్ళ వాళ్ళు ఊరుకోరు. ఒక్కొక్కరి ముందుకీ వచ్చి, వాళ్ళ తాతల పేర్లు డోలు మీద పలికించి, ఆ ఇంటి దరువు కొడతారు. రాచవాళ్ళకి రాచ దరువు, కమ్మరికి కమ్మరి దరువు, కసాయికి కసాయి దరువు. తన దరువు వినగానే మనిషి లేచి ఆడాలి. దరువు మోగుతుంటే ఆ ఇంటివాళ్ళెవరూ లేవకపోతే, ఆ ఇంటి పిల్ల తాతలు లేని పిల్ల కింద లెక్క.

అందుకే నపారీ ముందుగానే డోళ్ళ పెద్ద అలిదూ దగ్గరికి కోలా కాయలు పట్టుకుపోయాడు.

"అన్నా, పెళ్ళిలో నాకు రాచ దరువు కొట్టాలి."

అలిదూ కోలా ముక్క బుగ్గన పెట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "నీకా? కొట్టానంటే మా తాత గోరీలోంచి లేచొచ్చి ఈ కర్రతోనే నా పుర్రె వాయిస్తాడు."

"ఒక్కసారికే కదా."

"మీ తాత ఒక్కసారైనా కుక్కని కోసి మేక మాంసమని అమ్మాడా? మా పనీ అంతే."

"పోనీ, నాకు అసలు కొట్టకు."

"ఎట్లా కుదురుతుంది? పిల్ల తండ్రివి. కాలో చెయ్యో విరిగి కూలబడితే తప్ప నిన్ను వదిలే రివాజు లేదు."

నపారీ కోలా కాయలు అక్కడే వదిలేసి, హుషారుగా రెండు కాళ్ళ మీదా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. 

ఇక మిగిలింది అక్క. సనాతు సవెలుగు బజారులో ఇప్పటికీ మాంసం అమ్ముతుంది. ఆమె నోటికి జడిసి కుక్కలు కూడా ఆ కొట్టు ముందు తోక ముడిచి పోతాయి. తల్లి పోయిన పెళ్ళికూతురు వుంపినీని పాలు మరిచిన దగ్గర్నుంచి పెంచింది ఆమే. పెళ్ళి పొద్దున బస్సు దిగి, గిన్నెల మూట గుమ్మంలో దించి, తమ్ముడి కాలు చూసింది.

"ఏమైందిరా?"

"జారి పడ్డానక్కా. స్నానం చేస్తుంటే."

సనాతు వంగి కట్టు మీద వేలితో గట్టిగా పొడిచింది. నపారీ అరవడం మరిచిపోయాడు.

"ఎద్దు కాలు తడిమి విరిగిందో లేదో చెప్తాను నేను. నీ కాలు అంతకంటే గొప్పదా? ఏం దాస్తున్నావో కక్కు."

కక్కాడు. సనాతు నవ్వుతుందనుకున్నాడు, లేదా తిడుతుందనుకున్నాడు. ఆమె గిన్నెల మూట మీద కూర్చుని విన్నది.

"అయితే నేనూ ఆడకూడదన్నమాట" అంది చివరికి.

"ఈ ఒక్క పూట అక్కా. ఆ ముసల్దానికి తెలిస్తే మన పిల్లని కాల్చుకు తింటుంది."

"నన్ను ఎవరని చెప్తావు?"

"పక్కింటావిడని" అన్నాడు నపారీ. తడుముకోలేదు. ముందే అనుకుని పెట్టుకున్నాడు మరి.

సనాతు లేచి చీర చెంగు లాంటి పైగుడ్డ భుజాన సర్దుకుంది. "సరే. పెళ్ళికొడుకు వాళ్ళ వంటింట్లో ఉంటాలే. మాంసం తరిగేవాళ్ళు ఏ పెళ్ళిలోనైనా కావాలి" అంది. అంత నోరున్న మనిషి అంత మెల్లిగా మాట్లాడటం నపారీ ఎప్పుడూ వినలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

మధ్యాహ్నం నమాజు అయ్యాక పెళ్ళికొడుకు ఇంటి ముందు జనం గుండ్రంగా చేరారు. పెద్ద డోలు గుండెల్లో మోగుతుంటే చంకడోళ్ళు దాని మీద కబుర్లు చెబుతున్నాయి. మగవాళ్ళ అంగీలు గొడుగుల్లా విచ్చుకుని తిరుగుతున్నాయి. ఆడవాళ్ళు ఎదురెళ్ళి ఆడేవాళ్ళ నుదుట మెప్పుగా నాణేలు అద్దుతున్నారు. పెళ్ళికొడుకు బాబాయి ఒకాయన రాచ దరువుకి ఎంత రాచఠీవిగా ఆడాడంటే, ఆడుతున్నాడో నిద్రపోతున్నాడో తెలియలేదు. నపారీ లమీషి పక్కనే కుర్చీలో కూర్చుని, కాలు పీట మీద చాపి, అప్పుడప్పుడూ మూలుగుతున్నాడు.

"బాగా నొప్పా నాయనా?" అంది లమీషి.

"భరించలేకపోతున్నానమ్మా."

"మరి కుడికాలు పట్టుకుని మూలుగుతున్నావేం?"

నపారీ గతుక్కుమని చేతులు మార్చాడు.

అలిదూ మాట మీద నిలబడ్డాడు. నపారీ ముందుకొచ్చి, కట్టు వైపు చూసి, డోలుకో చిన్న దెబ్బ వేసి ముందుకి సాగిపోయాడు. నపారీ ఊపిరి పీల్చుకున్నాడు. కానీ లమీషి ఊరుకోలేదు.

"ఆగవయ్యా అలిదూ. పిల్ల తరఫున ఎవరూ ఆడకుండానే నా ఇంటికి కోడలొస్తుందా? తండ్రికి కాలు లేదు, సరే. తండ్రి మనుషులెక్కడ?"

"ఎవరూ రాలేకపోయారమ్మా, ఊరు దూరం" అన్నాడు నపారీ.

"మరి ఆ గుమ్మంలో నించున్నదెవరు? మీరొచ్చిన దగ్గర్నించీ చూస్తున్నా. పెళ్ళికూతురు వెళ్ళి ఆమె మెడ పట్టుకుని ఏడ్చింది. నా దగ్గరికొచ్చి మటుకు ముక్కు తుడుచుకుంది."

అందరూ వంటింటి గుమ్మం వైపు తిరిగారు. సనాతు చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"పక్కింటావిడ" అన్నాడు నపారీ. ఆ మాట మరీ గట్టిగా వచ్చింది. సనాతు విన్నది. తల దించుకుంది.

అలిదూ నపారీ మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. కాలు విరిగినవాణ్ణి వదలడం రివాజే గాని, కాళ్ళున్న ఆడమనిషిని వదిలే రివాజు లేదు. డోలు చంకలో బిగించి గుమ్మం వైపు నడిచాడు. ముందు ఆ అక్కాతమ్ముళ్ళ తాత పేరు పలికించాడు, ఆపైన ముత్తాత పేరు. తర్వాత కసాయి దరువు అందుకున్నాడు. అది నడుముని ఊరుకోనివ్వని దరువు, నవ్వుతూ తోసుకుంటూ వచ్చే దరువు. జనంలో గుసగుసలు లేచాయి.

సనాతు కదల్లేదు. మాట ఇచ్చింది కదా. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె కాలి వేళ్ళు మటుకు నేలని గీరుతున్నాయి. అలిదూ మళ్ళీ మొదటి నుంచి కొట్టాడు. ఎవరూ రాలేదు. పెళ్ళికూతురు ముసుగు తీసి చూస్తోంది. ఎవరో పిల్లలు కిసుక్కున నవ్వారు. అలిదూ మూడోసారి తాత పేరు పలికించాడు. ఆ పేరు జనం మధ్య దిక్కులేకుండా పడి ఉంది.

నపారీకి తాత మొహం గుర్తొచ్చిందని చెప్తే అబద్ధం. నపారీ పుట్టకముందే ఆయన పోయాడు. అతనికి కనిపించింది అక్క మొహం. చిన్నప్పుడు అతణ్ణి చంకనేసుకుని మాంసం దుకాణంలో నిలబడ్డ అక్క, తన కూతుర్ని చంకనేసుకుని నిలబడ్డ అదే అక్క, ఇప్పుడు తన కోసం పరాయింటి గుమ్మంలో రాయిలా నిలబడింది. సిగ్గుతో అతని ఒళ్ళు కాలిపోయింది. కాలేమో ఎప్పుడో పీట దిగి తాళం వేస్తోంది. చూసుకోలేదు.

లేచాడు. కట్టు ఊడి వెనకాల బారెడు పొడుగున ఈడ్చుకుంటూ వస్తోంది. జనం ఘొల్లుమన్నారు. "విరిగిన కాలు అతుక్కుందిరోయ్! ఏ వైద్యుడో కనుక్కోండి!" అని ఎవడో అరిచాడు. నపారీ గుమ్మం దాకా వెళ్ళి, "రా అక్కా" అన్నాడు.

"పక్కింటావిణ్ణి కదా" అంది సనాతు. కళ్ళ నిండా నీళ్ళు.

"తర్వాత తన్నుదువుగాని, రా."

ఇద్దరూ ఆడారు. నపారీ ఆట చాలా ఏళ్ళ నాటిది, తుప్పు పట్టింది. సనాతుది కాదు. ఆమె తిరుగుతుంటే వంటింటి ఆడవాళ్ళు గరిటెలు పట్టుకుని బయటికొచ్చేశారు. వుంపినీ పరుగెత్తుకొచ్చి మేనత్త నుదుట నాణెం అద్దింది.

లమీషి కుర్చీ చేతులు పట్టుకుని లేస్తోంది. అయిపోయిందనుకున్నాడు నపారీ. ఆవిడ కర్ర పొడుచుకుంటూ వలయం మధ్యకి వచ్చింది, అతని మొహం ముందు ఆగింది.

"నాయకుడి మనవడివన్నావు."

"అబద్ధం చెప్పానమ్మా. పిల్లది తప్పు లేదు."

"తెలుసు. ఆ ఊళ్ళో మా చెల్లెలి కోడలుంది. అక్కడ మీ తాతా లేడు, మామ్మా లేదు. ఎప్పటికి ఒప్పుకుంటావో చూద్దామని కూర్చున్నా. కాలు విరగ్గొట్టుకుంటావని మటుకు అనుకోలేదు." ఆవిడ కర్ర సనాతు చేతికిచ్చింది. "మా అమ్మ కసాయి పిల్ల. అమ్మ వైపు దరువు అడిగితేనే కొడతారు. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఈ దరువు కొట్టమని అడగడానికి నాకు నోరు రాలేదు. మా అత్త నన్ను బతకనివ్వదని భయం. ఆమె పోయింది, నా మొగుడూ పోయాడు, భయం మటుకు ఉండిపోయింది. కొట్టవయ్యా అలిదూ. మెల్లిగా కొట్టు, మోకాళ్ళు అరిగిపోయాయి."

అలిదూ మెల్లిగా కొట్టాడు. పెళ్ళికొడుకు బాబాయి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. ముసలావిడ నడుము ఒకసారి అటూ ఇటూ కదిలింది, ఇంకోసారి కదిలింది, ఆ తర్వాత అదుపు తప్పింది. సనాతు ఆవిణ్ణి నడుం పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

ఆట ఆగాక లమీషి సనాతుని తన పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. నపారీ కూడా కూర్చోబోయాడు.

"నువ్వెక్కడికి? నీ అక్క ఇక్కడుంటే అక్కడ మాంసం ఎవరు తరుగుతారు?"

నపారీ వంటింట్లోకి నడిచాడు. ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుతూ కత్తి చేతికిచ్చి, మేక తొడ ముందు పడేశారు. కత్తి పట్టి ఎన్నేళ్ళయిందో. మొదటి వేటు గురి తప్పింది. రెండోది సరిగ్గా కీలు మీద పడింది, ఎముక చప్పుడు లేకుండా విడిపోయింది.

"అబ్బో, అంగీలు కుట్టేవాడికి ఈ పని ఎవరు నేర్పారు?" అంది ఒకావిడ.

"మాది కసాయి ఇల్లమ్మా" అన్నాడు నపారీ. పక్కనున్న ముసలామెకి వినపడలేదనుకుని, ఇంకోసారి గట్టిగా చెప్పాడు.