తిత్తికి బెల్లంపాకం

మా మేడం ఫియోనాది స్కాట్లాండు. దోహాలోని మదీనత్ ఖలీఫాలో ఆమె విల్లాకు నేను డ్రైవర్ని. నవంబరు ఆఖర్లో వాళ్ళకు ఒక పండగ ఉంది. దోహాలో ఉన్న స్కాట్లాండు వాళ్ళంతా ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తారు. మగవాళ్ళు గళ్ళ పావడాలు కట్టుకుంటారు. గొర్రె పొట్టలో మాంసం కూరి ఉడికించిన వంటకాన్ని పళ్ళెంలో పెట్టి తెస్తుంటే, ముందు ఒకరు తోలుతిత్తి ఊదుతూ నడవాలి. తిత్తి లేకుండా ఆ పళ్ళెం బల్ల మీదికి రాకూడదట.

ఈసారి ఊదడానికి మేడం వాళ్ళ నాయన ఆంగస్ సారు వచ్చాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. తిత్తి ఆయన తండ్రిది, గొర్రెతోలుతో కుట్టింది. పండగకు రెండు రోజుల ముందు వరండాలో కూర్చుని ఊదబోతే కుట్ల దగ్గర గాలి బుస్సుమని పోయింది. ఏసీ గదిలో తోలు ఎండిపోయింది. లోపల పూసే మందు డబ్బా తెచ్చుకున్నాడు గానీ, అది చేతిసంచిలో ఉందని విమానం ఎక్కేచోట తీసేసుకున్నారట.

ఆ పొద్దంతా ఆయన్ను కారులో తిప్పాను. నజ్మాలో చెప్పులు కుట్టేవాళ్ళను అడిగాడు. అల్ ముంతజాలో రెండు అంగళ్ళు ఎక్కి దిగాడు. అందరిదీ ఒకటే అరబ్బీ మాట, మాఫీ, లేదని.

ఏం చేయాలో నాకు తెలుసు. మా నాయన తిత్తి ఊదేవాడు. వీధిభాగవతం ఆడేవాళ్ళ వెనక కూర్చుని శ్రుతి పట్టేవాడు. కళ్ళాల కాలంలో తిత్తి చంకన పెట్టుకుని ఇంటింటికీ పోయి గింజలు అడిగేవాడు. మేకతోలు ఎండితే బెల్లం పాకం పట్టి, గోరువెచ్చగా లోపల పోసి, మూతి కట్టి పిసికేవాడు. కుట్లన్నీ మూసుకునేవి. పక్కన కూర్చుని మూతి పట్టుకున్నది నేనే.

బడిలో నన్ను తిత్తోడి కొడుకనేవాళ్ళు. నాయన వీధిలో ఎదురైతే సందులోకి తిరిగేవాణ్ణి. దోహాకు వచ్చాక మాకు పదెకరాల నిమ్మతోట ఉందని చెప్పుకున్నాను.

మరుసటి రోజు పక్క విల్లా డ్రైవరు నాగూర్ కుర్చీలు సర్దడానికి వచ్చాడు. మా జిల్లావాడే.

"ఏమి లింగన్నా, ముసలాయన సచ్చిన గొర్రెకు ఊపిరి పోస్తాండాడే" అన్నాడు.

ఆంగస్ సారు తలెత్తి, మీ దేశంలో ఇట్లాంటిది లేదా అని ఇద్దర్నీ అడిగాడు.

"నో సార్" అన్నాను.

"ఉండాది సార్, బెగ్గర్ మ్యూజిక్" అని నాగూర్ నవ్వాడు. నా వైపు తిరిగి, "మీ నిమ్మతోట కాడికి రాలేదా అప్పా తిత్తోళ్ళు? మాయమ్మ ఇన్ని గింజలేసి, బయటే నిలబడమనేది" అన్నాడు.

"వచ్చేటోళ్ళు" అన్నాను.

తన తండ్రి ఊదింది కూడా పరాయి వాకిళ్ళలోనే, దొర గేటు బయట వానలో నిలబడి ఊదేవాడని అన్నాడు సారు. తల దించుకోకుండా చెప్పాడు ఆ మాట. తోలు ఎండితే మీ వాళ్ళు ఏం చేస్తారని అడిగాడు.

"నాకేం తెల్సు సార్" అన్నాడు నాగూర్.

సారు నా వైపు చూశాడు. వంటింట్లో వంటమనిషి ఆంజనమ్మ బెల్లం డబ్బా నిండుగా ఉంది. పది అడుగుల దూరం. నేను కుర్చీ తుడుస్తూ ఉండిపోయాను.

శుక్రవారం మధ్యాహ్నం యాభై మంది దాకా వచ్చారు. సారు కుట్ల మీద టేపు చుట్టుకున్నాడు. గేటు దగ్గర ఊదడం మొదలుపెట్టాడు. నాలుగడుగులు వేసేసరికి పాట మూలిగి దిగిపోయింది. మెడనరాలు ఉబ్బేలా ఊదాడు. తిత్తి నిండలేదు. ఆయన ఆగితే వెనక పళ్ళెం పట్టుకున్నవాడూ ఆగాడు. ఎవరూ నవ్వలేదు. ఒకామె చప్పట్లు కొట్టింది, తర్వాత అందరూ కొట్టారు. ఎవరో ఫోనులో తిత్తి పాట పెట్టారు. ఆ ఫోను పాట వెనక, ఊదని తిత్తిని చంకన పెట్టుకుని, సారు పళ్ళేన్ని బల్ల దాకా నడిపించాడు.

అందరూ పోయాక తిత్తిని నాకిచ్చి పెట్టెలో పెట్టమన్నాడు. అందుకున్నాను. అది నా ఎడమ చంకలోకి పోయింది. మోచెయ్యి దాన్ని నొక్కింది. బొటనవేలు మూతి కింది కుట్టు వెతుక్కుంది. నాకు తెలిసేసరికి సారు చూస్తున్నాడు.

"ఎవరు నేర్పారు?"

"మా ఫాదర్, సార్."

కుర్చీలు ఎత్తుతున్న నాగూర్ ఆగిపోయాడు.

"ఎండితే ఆయన ఏం చేసేవాడు?"

"బెల్లం, సార్." బెల్లం అంటే ఏమిటో చెప్పాను.

"ఇక్కడ దొరుకుతుందా?"

"కిచెన్‌లో ఉంది సార్."

సారు వంటింటి తలుపు వైపు కొంచెంసేపు చూశాడు. నా చంకలోంచి తిత్తి మెల్లగా తీసుకుని, పెట్టెలో తానే పెట్టి మూసుకున్నాడు.

నాగూర్ గేటు దాకా పోయి వెనక్కి వచ్చాడు. "నిమ్మతోట ఉంటే ఏమి, లేకుంటే ఏమి లింగన్నా. ఆ ముసలాయనకు రోంత బెల్లం ఇచ్చింటే నీదేం పోతాండె?"

ఆదివారం సారును విమానాశ్రయానికి తీసుకుపోయాను. సూట్‌కేసులు నేనే డిక్కీలో పెట్టాను. తిత్తి పెట్టె మాత్రం ఒళ్ళో పెట్టుకున్నాడు. దారంతా ఇంగ్లీషులో ఒక్క వాక్యం కూడగట్టుకున్నాను. కారు ఆపి ఆయన వైపు తలుపు తీసేసరికి అందులో "సారీ సార్" ఒక్కటే మిగిలింది. అదన్నాను. పెట్టె అందుకోవడానికి చెయ్యి చాపాను.

"వద్దులే లింగన్నా" అన్నాడు మర్యాదగానే. "ఇది నేను మోసుకుంటాను."